సగం గడ్డం

ఓదెలు నోరు ఆడినంతసేపే ఆయన కత్తి ఆడుతుందని కరీంనగర్‌లో ఆ వాడవాళ్ళందరికీ తెలుసు. తన సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషి తల తడిపి, ముందుగా "నీళ్ళు సల్లగున్నయా?" అని అడుగుతాడు. ఎండాకాలమైనా అదే మాట, కాగిన నీళ్ళు పోసినా అదే మాట. "సల్లగనే ఉన్నయ్ ఓదెలన్నా, కానియ్" అని అవతలివాడు అనాలి. అన్నాకే కత్తి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ఎవరి బర్రె తప్పిపోయింది, ఎవరి పెండ్లి చెడిపోయింది, ఏ లీడరు ఏ పార్టీలోకి దుంకాడు, అన్నీ గడ్డంతో పాటే రాలిపడేవి. కత్తి కింద ఉన్నవాడితో మాట్లాడుతుంటే వాడికి భయం ఉండదని ఆయన సిద్ధాంతం. సగం గొరిగి లేవకూడదన్నది రెండో సిద్ధాంతం. ఇల్లు అంటుకుందని కబురొచ్చినా రెండో చెంప పూర్తిచేసే లేవాలి.

ఆయన నోరు మూసుకుని పనిచేసే సందర్భం ఒక్కటే. వాడలో ఎవరైనా పోతే చివరి క్షవరానికి ఆయన్నే పిలిచేవాళ్ళు. ఆ పని చేసొచ్చి, స్నానం చేసి, కోడలు వినీల ఇచ్చిన చాయ్ తాగుతూ, "ఇంతసేపు నోరు కట్టేస్కున్న బిడ్డా, ఇగ ఆగది" అని రెట్టింపు మాట్లాడేవాడు. వినీల నవ్వుకునేది.

తర్వాత పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. చెయ్యి వణికింది, కత్తి కొడుకు సంపత్ చేతికి పోయింది, దాన్ని ఓదెలు ఎలాగో దిగమింగాడు. మింగలేకపోయింది నిద్ర లేకపోవడాన్ని. ఒళ్ళు కర్రయి పక్కకు తిరగలేడు. కన్ను మూతపడితే కాలు గుంజుతుంది. మందులు మింగితే పీడకలలు. "చావు రాకున్నా పాయె, నిద్రన్న రావద్దా బిడ్డా" అని ఒక పొద్దున ఆయన ఏడుస్తుంటే, వినీల ఆయన్ని తనతో పాటు నిద్రశాలకు తీసుకుపోయింది.

నిద్రశాల అన్నది జనం పెట్టిన పేరు. ఊరి చివర ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో వినీల ఆక్యుపంక్చర్ థెరపిస్టు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం భోజనాల తర్వాత సూదులు పెట్టి నిద్రపుచ్చడం ఆమె పని. మొదట్లో మామూలు సూదులే పెట్టేవాళ్ళు. వాటితో కొందరికి కునుకు పట్టేది, కొందరికి పట్టేది కాదు. కేంద్రం పెద్ద డాక్టర్ పరాంకుశం వాటి స్థానంలో వినే సూదిని తెచ్చాడు.

దాని తలభాగాన నువ్వుగింజంత పూస ఉంటుంది. అది కింద ఉన్న నరాన్ని వింటుంది. రోగికి ఎప్పుడో ఒకసారి గాఢంగా నిద్ర పడితే ఆ నిద్ర నడకను పట్టుకుని, మర్నాడు అదే నడకను నరానికి తిరిగి వినిపిస్తుంది. ఎవరి నిద్ర వాళ్ళకే, ఇంకాస్త లోతుగా. కనుబొమల నడుమ ఒకటి, చెవుల వెనక ఒక్కోటి, మణికట్ల మీద చిటికెన వేలి వైపు ఒక్కోటి పెట్టగానే ఏళ్ళ తరబడి నిద్ర ముఖం చూడనివాళ్ళు పసిపిల్లల్లా పడుకునేవాళ్ళు. వినీల చేతులు పట్టుకుని దండం పెట్టేవాళ్ళు.

కొన్ని వారాలకు ఆ నిద్రపోయేవాళ్ళ చేతులు కదలడం మొదలుపెట్టాయి. బీడీలు చుట్టిన లస్మవ్వ లేని ఆకును కత్తిరించి, లేని తంబాకు పోసి, లేని దారం చుట్టేది. బస్సు డ్రైవరుగా రిటైరైన మొగిలి గేర్లు మార్చేవాడు. ఏ చేతిలోనూ వణుకు లేదు. నిద్రలో వణుకు ఆగడం ఆ జబ్బులో మామూలే కానీ, ఇంత తేటగా పని చేయడం ఎవరూ చూడలేదు.

"చెయ్యి పని మర్చిపోలేదమ్మా. పెద్ద రోడ్డు మూసేశారంతే, నిద్రలో అడ్డదారిన పోతోంది" అన్నాడు పరాంకుశం. ఆయన కళ్ళల్లో పండగ కనిపించింది.

పక్కన కూర్చుని భార్య ఎంత పిలిచినా మొగిలికి వినిపించేది కాదు. ఒకసారి అక్కడ పనిచేసే ఆయా సరదాకి "రైట్ రైట్" అని అరిస్తే మాత్రం మొగిలి కాలు నిద్రలోనే నేలను తొక్కింది. పనికి సంబంధించిన మాటైతేనే అంత లోతుకు పోతుందని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

లస్మవ్వ మెలకువలోకి వచ్చాక సంబరంగా చెప్పేది. "బిడ్డా, రోజూ అదే కల. నిన్న ఆపిన కాడికెల్లే ఇయ్యాల మొదలు. శాటల ఆకు ఒడిసిపోవచ్చింది, ఇంక కొంచెమే ఉన్నది. ఇంకిన్ని చుడితే ఇంటికి పోవుడే." వినీల కూడా సంబరపడింది. ఒక మధ్యాహ్నం లస్మవ్వ వేళ్ళు ఆఖరి కట్టకు ముడి వేశాయి. "అయిపోయింది" అంది నిద్రలోనే. చీరకు చేతులు తుడుచుకుని ఒళ్ళో పెట్టుకుంది. సూదులు తీశాక ఎంత లేపినా లేవలేదు. ఎనభై దాటిన మనిషి, గుండె ఆగిందని పరాంకుశం అన్నాడు. కాదనడానికి వినీల దగ్గర ఏ కారణమూ లేదు. చీరకు చేతులు తుడుచుకోవడం మాత్రం ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఓదెలు చేతులు కూడా కదిలాయి. మొదట నీళ్ళు చిలకరించినట్టు, తర్వాత తోలుపట్టీ మీద కత్తి నూరినట్టు, ఆ తర్వాత గాలిలోనే నున్నగా గీసుకుంటూ పోయినట్టు. ఆ వీడియో చూసి సంపత్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వినీల దాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. అందులో ఏదో లేదు. ఏం లేదో ఆమెకు తట్టలేదు.

ఇంట్లో అప్పుడు ఇంకో ముచ్చట నడుస్తోంది. వినీల కూతురికి ఏడాది నిండబోతోంది. పేరు మనస్వి అయినా తాతకు మాత్రం బుజ్జవ్వ. పుట్టువెంట్రుకలు తీయాలి. ఆ ఇంట పుట్టిన పిల్లలకు మొదటి కత్తి ఇంటిపెద్దదే.

"మా తాత నాకు తీసిండు, నేను సంపత్‌గానికి తీసిన. బుజ్జవ్వకు నేనే తియ్యాలె" అన్నాడు ఓదెలు, వణికే కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపెట్టి.

"ఎట్ల తీస్తవు బాపు?" అన్నాడు సంపత్.

"సూదులు వెట్టున్రి. నిద్రలనే తీస్త."

వినీల నవ్వేసింది. మామ ముఖం చూశాక నవ్వు ఆగింది. సంపత్ కూడా నవ్వలేదని గమనించాక భయం పట్టుకుంది.

"నిద్రల ఉన్న మనిషి చేతికి కత్తి ఇచ్చి నా బిడ్డ తల అప్పజెప్పాల్నా?" అంది.

"నీకు తెల్వది వినీలా. చెయ్యి చెప్తది. చెయ్యి మంచిగుంటే మనిషి ఎట్లున్నా ఫరక్ లేదు" అన్నాడు సంపత్. క్షురకుల ఇంటి నమ్మకం అది. కత్తి గీసిన గీత చూసి పనివాణ్ణి తూచే జాతి. ముందు తన గడ్డమే పరీక్షకు పెడతానన్నాడు. నిద్రశాలలో పరాంకుశం ముందే కూర్చుని, నిద్రలో ఉన్న తండ్రి చేతికి కత్తి ఇచ్చాడు. రెండు చెంపలూ అద్దంలా వచ్చాయి. ఒక్క గాటు లేదు.

"జర గట్టిగ పట్టిండు అంతే. తోలు గుంజి పట్టిండు" అని చెంప రుద్దుకున్నాడు సంపత్. అక్కడ ఎర్రగా కమిలింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పరాంకుశానికి అంతకన్నా ఏం కావాలి. పాత మనిషి, పాత చోట, పాత పని ఎలా చేస్తాడో చూడాలని సూదులు ఇంటికి తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు. ఒక్క హెచ్చరిక మాత్రం చేశాడు. "కత్తి తల మీద ఉండగా సూది లాగొద్దు. ఆగిన వణుకంతా ఒక్కసారి మీద పడుతుంది." వినీల వారం రోజులు అడ్డం తిరిగింది. చివరికి ఓదెలు ఆమె ముందు చేతులు జోడించాడు. జోడించిన ఆ చేతులు కుదురుగా నిలవలేదు. ఆమె సరేనని తల ఊపింది. ఆ తల ఊపడాన్ని ఆమె తర్వాత చాలాసార్లు తిట్టుకుంది.

ముహూర్తం పొద్దున పెట్టుకున్నారు. సెలూన్ కడిగి, పసుపు నీళ్ళు చల్లి, పెద్ద అద్దానికి పూలదండ వేశారు. తీసిన వెంట్రుకలు ధర్మపురి గోదావరిలో కలపాలని కొత్త గుడ్డ సిద్ధం చేశారు. వినీల పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓదెలు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. సూదులు ఆమే పెట్టింది. ఆయన రెప్పలు సగం వాలాయి, ఊపిరి నెమ్మదించింది, కుడిచెయ్యి వణుకు ఆగిపోయింది. సంపత్ కత్తుల పొది విప్పి తాతల నాటి కత్తిని ఆ చేతిలో పెట్టాడు.

చెయ్యి లేచింది. నీళ్ళు తీసి పిల్ల తల తడిపింది. కత్తి తెరుచుకుంది. నుదుటి మీద నుంచి మొదటి గీత నున్నగా వెనక్కి పోయింది. మెత్తటి వెంట్రుకలు గుడ్డలో పడ్డాయి. సంపత్ ఊపిరి వదిలి భార్య వైపు చూసి నవ్వాడు. రెండో గీత, మూడో గీత, కుడివైపంతా అయిపోవచ్చింది. బుజ్జవ్వ కిలకిలమంది, తాత ముక్కు పట్టుకోబోయింది.

అప్పుడు ఓదెలు ఎడమచెయ్యి కత్తి పక్క నుంచి కిందికి వచ్చింది. పిల్ల గడ్డాన్ని కింది నుంచి పైకి నొక్కి నోరు మూసింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై ఏడవబోయింది. ఆ చెయ్యి వదిలి, అరచేత్తో పిల్ల కనురెప్పలను పై నుంచి కిందికి నిమిరింది. ఒకసారి. రెప్పలు మళ్ళీ తెరుచుకుంటే, ఓపిగ్గా ఇంకోసారి.

వీడియోలో ఏం లేదో వినీలకు ఇప్పుడు తెలిసింది. మాట లేదు. సంపత్ గడ్డం గీసినప్పుడూ లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయా అని ఈ మనిషి నిద్రలో ఒక్కరినీ అడగలేదు. నోరు మూసుకుని ఓదెలు ఎవరికి గొరుగుతాడు? బిగుసుకున్న తోలు కాబట్టి గట్టిగా గుంజి పట్టాలి, తెరుచుకున్న నోరు కాబట్టి మూయాలి, కళ్ళు నిమరాలి. ఆయన చేతిలో ఉన్నది మనవరాలి తల కాదు. శవం తల.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు ఆయనకు వినిపించలేదు. ఎడమచెయ్యి పిల్ల మెడను గట్టిగా పట్టి వంచింది. కత్తి చెవి వెనక మెత్తటి చోటికి వచ్చింది.

"బాపూ" అని సంపత్ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు" అంది వినీల. పట్టుకుంటే కత్తి జారుతుంది. సూది లాగితే చెయ్యి వణుకుతుంది. పిల్లను గుంజుకుందామంటే మెడ ఆయన పట్టులో ఉంది. "మామా, మామా" అంది. "బుజ్జవ్వ మామా." ఆయన సగం మూసిన కళ్ళలో ఏ కదలికా లేదు. ఆ లోతుకు కోడలి పిలుపు పోదు, మనవరాలి పేరు పోదు. పని మాట ఒక్కటే పోతుంది. ఏ మాట? శవానికి గొరిగేటప్పుడు ఉండని మాట.

ఆమె పిల్ల చెవి పక్కన నోరు పెట్టి, వాడలో మనుషులు అన్నట్టే, కుర్చీలో కూర్చున్నవాడు చెప్పినట్టే చెప్పింది. "నీళ్ళు సల్లగనే ఉన్నయ్ ఓదెలన్నా. కానియ్."

కత్తి ఆగింది.

"సల్లగున్నయ్ ఓదెలన్నా" అంది మళ్ళీ. "బాగ సల్లగున్నయ్."

ఓదెలు కనుబొమలు ముడిపడ్డాయి. సూది కూడా వాటితో కదిలింది. నిద్రలో మొదటిసారి నోరు తెరిచాడు. "ఎవలు?" అన్నాడు. ఆ గొంతులో నీరసం లేదు, జబ్బు లేదు. "పీనుగకు సల్ల తెలుస్తదా?"

ఓదెలు చెయ్యి పిల్ల మెడ వదిలి, ముక్కు కింద వేలు పెట్టి చూసింది. వెచ్చటి ఊపిరి తగిలినట్టుంది.

"ఇంక పాణమున్నది" అన్నాడు విసుగ్గా. "పాణమున్నోన్ని ఎవలు పండవెట్టిన్రు?" కత్తి తల మీద నుంచి లేచింది. మడతపడి పొది మీదికి చేరింది.

వినీల పిల్లను సంపత్ చేతుల్లోకి విసిరినట్టే ఇచ్చేసి సూదులన్నీ లాగేసింది. వణుకు ఒక్కసారిగా వచ్చి ఓదెలును స్టూలు మీద నుంచి కిందికి తోసింది. ఆయన కళ్ళు తెరిచి, సగం గుండైన మనవరాలిని, ఏడుస్తున్న కోడలిని, పాలిపోయిన కొడుకుని చూశాడు. ఏం జరిగిందో సంపత్ చెప్పాడు. చెప్పినంతసేపూ ఓదెలు నేల మీదే కూర్చుని విన్నాడు.

"నాకు రోజూ ఒక్కటే కల" అన్నాడు చివరికి. "వాకిట్ల మంచం. మంచంల మనిషి. అందరు నిలవడి జల్ది కానియ్ జల్ది కానియ్ అంటాన్రు. నేను గడ్డం గీస్తాన్న. నిన్న ఆపిన కాడికెల్లే ఇయ్యాల. ఒక చెంప అయింది. రెండోది మొదలువెట్టిన. అది గూడ అయితే కాటికి లేపుకపోతరు."

"మంచంల ఎవరున్నరు మామా?"

ఓదెలు అద్దం వైపు చూశాడు. "మా పనోడు తన గడ్డం తనే గీసుకోవద్దంటరు గద బిడ్డా. గీ వయసుల నా గడ్డం నేనే గీస్తాన్న."

వినీలకు లస్మవ్వ గుర్తొచ్చింది. ఒడిసిపోతున్న ఆకు, ఆఖరి కట్ట, చీరకు తుడుచుకున్న చేతులు. సూది నిద్ర ఒక్కదాన్నే వింటుందని వాళ్ళు అనుకున్నారు. ఆ నిద్ర ఎటు నడుస్తోందో ఎవరూ అడగలేదు. రోజూ ఇంకో అడుగు ముందుకు నడిపించారు.

బుజ్జవ్వ ఏడుపు తగ్గింది. తలకు ఎడమవైపంతా ఇంకా జుట్టు ఉంది. "సగం గొరిగి లేవద్దు" అన్నాడు ఓదెలు, గోడ పట్టుకుని లేస్తూ. "సంపత్, నువ్వు గొరుగు. నేను మాట్లాడుత." సంపత్ కత్తి తీసుకున్నాడు. ఓదెలు వణికే చేత్తో నీళ్ళు తీసి మనవరాలి తల మీద సగం, తన బట్టల మీద సగం పోశాడు. "నీళ్ళు సల్లగున్నయానే బుజ్జవ్వా?" అన్నాడు. పిల్ల "త్తా" అంది. జవాబు వచ్చినట్టే లెక్క. పని అయ్యేదాకా ఆయన నోరు ఆగలేదు.

మధ్యాహ్నానికి వినీల నిద్రశాలలో ఉంది. పరాంకుశం అంతా విని, కల కలే అన్నాడు. భయంలో మనిషి లేని సంబంధాలు కలుపుకుంటాడన్నాడు. చెబుతూనే లేచి, అప్పుడే సూదులకు సిద్ధమవుతున్న మొగిలి మంచం దగ్గరికి నడిచాడు.

"మొగిలీ, కలలో బస్సు ఎక్కడి దాకా వచ్చింది?"

మొగిలి ముఖం విప్పారింది. "ఊర్లకు వచ్చేసిన సార్. గేటు కనవడుతాంది. ఇయ్యాల డిపోల వెట్టేసుడే."

పరాంకుశం ఆయా చేతిలోని సూదుల డబ్బా తనే తీసుకుని మూత పెట్టాడు. ఆ మధ్యాహ్నం నిద్రశాలలో ఎవరూ నిద్రపోలేదు. మొగిలి కోపంగా అరిచాడు. ఒక ముసలమ్మ వినీల కాళ్ళు పట్టుకుంది.

ఇంట్లో ఓదెలూ బతిమాలాడు. మళ్ళీ ఒళ్ళు కర్రయింది, మళ్ళీ కాలు గుంజడం మొదలైంది. మామూలు సూదులతో కాసేపు ఊరట, అంతే. "ఒక్క చెంపనే బిడ్డా, అయిపోతది గద" అన్నాడు ఒకరోజు. ఆమె ఏడ్చింది. మర్నాడు ఆయనే, "యాభయ్యేండ్ల పనిల సగం గీకి లేచింది గదొక్క గడ్డమే. ఉండనియ్, గట్లనే ఉండనియ్" అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు.

బేరాలు లేని ఒక మధ్యాహ్నం ఆయన సెలూన్ కుర్చీలో కూర్చుని ఎవరి పెండ్లి సంగతో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. తల పక్కకు వాలింది. సూదులు లేవు, మందు లేదు, దానంతటదే వచ్చిన కునుకు. వినీల తువ్వాలలు మడతపెడుతూ చూసింది. కుర్చీ చేతి మీద ఆయన కుడిచెయ్యి కదలకుండా ఉంది. ఒకప్పుడు ఈ చెయ్యి ఎప్పుడు ఆగుతుందా అని చూసేది. ఇప్పుడు వణకదేమని చూస్తోంది. వేళ్ళు నెమ్మదిగా ముడుచుకున్నాయి, కత్తి పిడిని పట్టుకున్నట్టు.

ఆమె తువ్వాల వదిలి దగ్గరికి వెళ్ళింది. మగ్గులో వేళ్ళు ముంచి ఆయన చెంప తడిపింది.

"నీళ్ళు సల్లగున్నయా?" అని అడిగింది.

జవాబు లేదు. బయట ఆటో ఒకటి పోయింది. ఆమె ఆయన చెంప మళ్ళీ తడిపింది.

ముడుచుకున్న వేళ్ళలో చిటికెన వేలు కదిలింది. తర్వాత బొటనవేలు. తర్వాత చెయ్యంతా, కుర్చీ చేతిని టకటక కొడుతూ, ఎప్పటిలాగే వణికింది.

"సల్లగనే ఉన్నయ్" అన్నాడు ఓదెలు కళ్ళు తెరవకుండానే. "కానియ్ బిడ్డా."